ఇంటి అల్లుడి వ్యాసం

యమున ముందు పెట్టిన ఉప్మా చల్లారి గట్టిపడింది. ఆమె దాని మీద చెయ్యి వెయ్యలేదు. ఎదురుగా కూర్చున్న జయకృష్ణ మాత్రం పళ్ళెం ఖాళీ చేసి, మారు పెట్టించుకుని, అదీ తిన్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో ఇంత రగడ అవుతుంటే ఈ మనిషికి ఆకలెలా వేస్తోందో ఆమెకు అంతు పట్టలేదు.

"మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది. "నేను విదేశీ పత్రికకి పంపిన వ్యాసాన్ని, నాకు మాటమాత్రం చెప్పకుండా ఇంకో పత్రికకి ఎందుకు పంపారు?"

"ఎన్నిసార్లు సెప్పాలి యమునా? నీ మంచికే పంపాను."

"నా మంచి నన్నడగరా?"

జయకృష్ణ మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. గజపతినగరంలో అతనంటే నెమ్మదస్తుడని పేరు. కొట్లో ఎంత గడుసు బేరమైనా గొంతు లేవదు. ఆ నెమ్మదే ఇప్పుడు యమునకి ఒళ్ళు మండిస్తోంది.

"ఆళ్ళకి పంపి ఏడు నెలలయ్యింది. ఔననీ సెప్పరు, కాదనీ సెప్పరు. మనం కొట్లో ఏటి సేస్తాం? కొత్త రకం బట్ట వొస్తే శాంపిలు ఒక్కడికే పంపుతామా? సాలూరుకీ పంపుతాం, బొబ్బిలికీ పంపుతాం, రాయగడకీ పంపుతాం. ఎవులు ముందు ఆర్డరిస్తే ఆళ్ళకి సరుకు. మిగతావోళ్ళకి అయిపోయిందని సెప్తాం. ఇందులో తప్పేటున్నాది?"

"అది బట్ట. ఇది వ్యాసం."

"రెండూ మనిషి కష్టపడి తీసిన సరుకే కదా."

ఆ మాటలో ఎక్కడో న్యాయం ఉన్నట్టే వినిపించడం యమునకి మరింత కోపం తెప్పించింది.

"నేను పంపినప్పుడు మాటిచ్చానండీ. ఈ వ్యాసం మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని రాసిచ్చాను. వాళ్ళు నా పేరు దాచిపెట్టి, ఈ విషయం బాగా తెలిసిన ఇద్దరికిచ్చి చదివించారు. ఆ చదివినవాళ్ళు పైసా తీసుకోరు. ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ తేలిపోయింది, వాక్యం వాక్యం పట్టుకుని చెప్పారు. వేసవి సెలవులన్నీ కూర్చుని దిద్ది పంపాను. ఆఖరి చూపుకి వెళ్ళింది. ఇంకో నెలలో తేలిపోయేది. ఇంతలో చదువుతున్న ఆ ఇద్దర్లో ఒకరి దగ్గరికే మీ రెండో పత్రిక కూడా ఇదే వ్యాసం పంపించింది, చదివి పెట్టమని. ఆయన ఏమనుకుంటాడు? దొంగ అనుకుంటాడు. ఈ రచయిత ఎవరో రెండు పత్రికలకీ ఒకేసారి టోపీ పెడుతున్నారు అనుకుంటాడు."

"నీ పేరు దాసిపెట్టారన్నావు. మరి ఆడికి నీ మీద అనుమానమెలగొస్తాది?"

"ఆయనకి తెలీదు. ఆయన చెప్పింది ఆ పత్రిక సంపాదకురాలికి. ఆవిడకి తెలుసు. ఈ సాయంత్రంలోగా సంజాయిషీ రాయమంది. రాయకపోతే వ్యాసం వెనక్కి కొట్టి, మా కాలేజీకి చెబుతుంది. విజయనగరంలో నేను పిల్లలకి చెప్పే పాఠమేంటో తెలుసా? ఒకరి సొత్తుని ఇంకొకరు ఎలా వాడుకోకూడదో చెప్తాను. రేపు ఆ క్లాసులోకి ఏ మొహంతో వెళ్ళను?"

మెట్ల మీద మామగారు రంగనాథం చెప్పుల చప్పుడు వినిపించింది. కింద కొట్టు, పైన కాపురం. కోడలి గొంతు లేస్తే కింద గద్దె మీద కూర్చున్న ఆయనకి తెలిసిపోతుంది.

"ఏటిది?" అన్నాడు ఆయన గుమ్మంలోంచే. "బేరానికొచ్చినోళ్ళు బట్ట మానేసి పైకి సూస్తన్నారు. ఒక కాగితం రెండు సోట్లకెల్తే కొంప మునిగిపోద్దా అమ్మా?"

"నా కొంప మునిగింది మావయ్యా."

"ఈ ఇంట్లో నీ కొంప, నా కొంప అని ఏరేగా ఉన్నాయేటి?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

లక్ష్మీనరసమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నిన్నటి నుంచి అత్తగారు ఒక్క మాటా ఆడలేదు. ఆవిడ పుట్టిల్లు పొందూరు. యమున రెండు వేసవులు ఆ ఊరు వెళ్ళి, వలుగ చేప దవడతో దూది దువ్వే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటలు రాసుకుని, ఆ సన్ననూలు పేరు మీద ఎవరికి హక్కుండాలన్నది అంతర్జాతీయ చట్టాలన్నీ తిరగేసి రాసింది. ఆ వేసవుల్లో దిగింది అత్తగారి అన్నగారింట్లోనే. తోడు వచ్చిందీ అత్తగారే. అలాంటి మనిషి ఇప్పుడు చిక్కుడుకాయ మీంచి చూపు ఎత్తడం లేదు.

కింద ఆటో ఆగింది. "నాన్నా," అని పిలుచుకుంటూ బిందు మెట్లెక్కింది. చేతిలో స్వీట్ల డబ్బా. వెనకాలే ఆమె భర్త ధర్మేంద్ర. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో పెన్ను. శ్రీకాకుళంలో ఒక లా కాలేజీలో అతను పెద్ద లెక్చరరు. ఈ ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు. అతను గుమ్మంలో అడుగు పెడితే రంగనాథం కూర్చున్న చోటు నుంచి లేస్తాడు. ఇప్పుడూ పక్కకి జరిగి కుర్చీ చూపించాడు.

"ఈ మొకాలేటి, ఎవులో పోయినట్టు?" అంది బిందు, డబ్బా మూత తీస్తూ. "ముందు నోరు తీపి సేసుకోండి. మీ బావగారి వ్యాసం ఒప్పేసుకున్నారంటరా తమ్ముడూ. నిన్నే కబురొచ్చింది. సోమవారం ప్రమోషనుకి ఇంటర్వ్యూ. ఇదొక్కటే తక్కువైందని రెండేళ్ళ నుంచి ఆపీసినారు కదా. ఇంక ఆపడానికి లేదు."

యమున ముందు సరిగ్గా వినలేదు. ఆడపడుచు అందించిన కాజా చేతిలోకి తీసుకుంది కూడా. తరువాత మొగుడి మొహం చూసింది. జయకృష్ణ డబ్బా కేసి చూస్తున్నాడు.

"ఏ వ్యాసం వదినగారూ?"

"అదేనే, పొందూరు బట్ట మీద. నువ్వూ సాయం సేసినావంట కదా."

కాజా తిరిగి డబ్బాలోకి వెళ్ళింది. యమున చెయ్యి కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే నిలబడిపోయింది. ఇప్పటిదాకా ఆమె కోపమంతా ఒక తెలివితక్కువ పని మీద. తెలియక చేశాడనే మాట ఎక్కడో గుండెకి కాస్త అడ్డు పెట్టుకుంది. ఇప్పుడా అడ్డు తొలగిపోయింది.

"నేను సాయం చేశానని ఎవరు చెప్పారు?" అని భర్తని అడిగింది.

ధర్మేంద్రే జవాబు చెప్పాడు. అతనిది క్లాసులో పాఠం చెప్పే గొంతు. "చెల్లెమ్మా, నీ పేరు కూడా ఉంది. రెండోది. పెద్దవాళ్ళ పేరు ముందుంటే వ్యాసానికి బరువొస్తుంది. నా హోదా చూసే వాళ్ళు వారంలో ఒప్పుకున్నారు. నీ ఒక్కదాని పేరుతో వెళితే ఏడు నెలలు నానబెట్టారు చూశావుగా."

"అన్నయ్యగారూ, మీరు అందులో ఏం రాశారు?"

"రాయడమే ముఖ్యం కాదమ్మా. దాన్ని ఒక రూపానికి తేవాలి. నాలుగో భాగం తీయించాను. అనవసరంగా ఘాటుగా ఉంది."

"నాలుగో భాగం తీసేశారా?"

ఆ గొంతు విని బిందు డబ్బా మూత పెట్టేసింది.

"ఏటున్నాదందులో?" అన్నాడు రంగనాథం.

ధర్మేంద్ర కొంచెం నవ్వాడు. "మీకు చెప్పకూడదనే అనుకున్నాను మామయ్యగారూ. మీలా పొందూరు పేరు చెప్పి బట్ట అమ్ముకునే వ్యాపారస్తులు, ఆ నూలు వడికేవాళ్ళకి అమ్మకంలో వాటా ఇవ్వాలని రాసింది మీ కోడలు. చట్టం చెయ్యాలిట. ఇంటికే ఎసరు. అందుకే తీయించాను."

రంగనాథం కోడలి వంక చూశాడు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆమె చదువు గురించి ఆయన పదిమందిలో గొప్పగానే చెప్పుకున్నాడు. విజయనగరం బస్సుకి ఆలస్యమైతే తనే స్కూటరు మీద దింపి వచ్చిన రోజులున్నాయి.

"నా కొట్టు మెట్లు దిగి ఎల్లి నా మీదే రాసినావా?"

"మీ మీద కాదు మావయ్యా. చట్టంలో ఉన్న లోటు మీద రాశాను. ఒక ఊరి పేరుకి విలువొచ్చిందంటే అది ఎవరి చేతుల వల్ల వచ్చింది, ఆ చేతులకి ఏం దక్కాలి అని అడిగాను. ఆ నాలుగో భాగం లేకపోతే నా వ్యాసంలో ఏమీ లేదు. మిగతాది ఎవరైనా రాస్తారు."

"అడగడానికి నీకింకెవులూ దొరకలేదా?"

"మిమ్మల్ని అడిగే హక్కు నాకుందనుకున్నాను."

రంగనాథం కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

ధర్మేంద్ర ఈ సందు వదల్లేదు. "జరిగింది జరిగింది. దీనికి మార్గం చాలా సులువు. ఆ విదేశీ పత్రికకి రెండు ముక్కలు రాసెయ్యి చెల్లెమ్మా. ఇది మేమిద్దరం కలిసి రాసింది, పొరపాటున రెండు చోట్లకీ వెళ్ళింది, మీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంటున్నాను అని. వాళ్ళు ఒకసారి మందలిస్తారు, ఊరుకుంటారు. ఇక్కడ ఇది అచ్చవుతుంది. ఇద్దరికీ మేలు."

"అవును యమునా," అన్నాడు జయకృష్ణ ఆశగా. "ఎందులో వొస్తే ఏటి? అచ్చయిందా లేదా. నీ పేరూ ఉన్నాది కదా."

"మీకు తెలుసా ముందే? అన్నయ్యగారి పేరు పెడుతున్నారని?"

"బావగారే అడిగారు. ఇంటల్లుడు. ఒక్క పేరుకి కాదంటే బాగుంటాదా? పెళ్ళి కార్డు మీద పెద్దల పేర్లు ఎయ్యమా?"

"పెళ్ళి కార్డు మీద పేర్లేస్తారు గాని పెళ్ళికొడుకుని మార్చరు కదండీ."

బిందుకి ఆ మాట గుచ్చుకుంది. "ఏటే, పెద్దింతరం సిన్నింతరం లేకుండా మాటాడతన్నావు? ఆయన సదువుకోలేదేటి? నీ కంటె పదేళ్ళు ముందు ఆయన పాఠాలు సెప్పేవోరు. ఒక్క కాగితం కోసం సొంత ఆడపడుచు సంసారం పాడు సేస్తావా?"

"మీ సంసారం నేను పాడు చెయ్యట్లేదు వదినగారూ. నా రెండేళ్ళ కష్టం పట్టుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకున్నారు. నాది నేను అడుగుతున్నాను. ఆ ఎండల్లో ఆ అరుగుల మీద కూర్చున్నప్పుడు మీ ఆయన ఎక్కడున్నారు? దిద్దమని వాళ్ళు వెనక్కి పంపినప్పుడు ఇదే బల్ల దగ్గర నేను ఏడ్చినప్పుడు ఎక్కడున్నారు? చిత్తు రాతలు ఎవరివి, దిద్దుబాట్లు ఎవరివి? పేరు పెట్టుకోవడానికి మాత్రం హోదా ముందుకొచ్చింది."

కింద కుర్రగుమస్తా ఎవరికో గజం ధర చెబుతున్నాడు. లక్ష్మీనరసమ్మ ఈనె తీసిన కాయని గిన్నెలో వేసి ఇంకోటి అందుకుంది.

యమున బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను తీసుకుంది. కోపంలోనూ బుర్ర మాత్రం తేటపడింది. ఎంతైనా చట్టం చదువుకున్న మనిషి.

"మీరు చెప్పినట్టు నేను రాయను అన్నయ్యగారూ. అబద్ధం రాయమంటున్నారు, నా వ్యాసం మీద నా చేతే. ముందు మీ పత్రికకి రాస్తాను, నా ఒప్పుదల లేదని. పేరున్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టి హక్కులు రాసివ్వనిదే ఎవరూ అచ్చు వెయ్యరు. నేను పెట్టను. అక్కడితో ఆగిపోతుంది."

ధర్మేంద్ర జేబులో పెన్ను సర్దుకున్నాడు. బావమరిది కేసి చూశాడు.

"సంతకాలు అయిపోయాయి," అన్నాడు. "వ్యాసంతోపాటే పంపేశాం."

"నాది ఎవరు పెట్టారు?"

యమున ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చి భర్త దగ్గర ఆగింది.

"నేనే పెట్టాను," అన్నాడు జయకృష్ణ. "దానికేటి ఇప్పుడు? నాన్న సంతకం నేను పెట్టట్లేదా? బేంకు కాగితాలు, పన్ను కాగితాలు అన్నీ నేనే కదా పెడతన్నాను."

"ఔను," అన్నాడు రంగనాథం. ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. "ఈ ఇంట్లో అందరి సంతకాలూ ఈడే పెడతాడు. మీ అత్తదీ ఈడే. నాకు సెయ్యి వొణుకుడొచ్చిన కాడ్నుంచి ఇలగే జరుగుతున్నాది. అడ్డెవులు సెప్పారు?"

"మీరు పెట్టమన్నారు కాబట్టి మీది పెట్టారు మావయ్యా. నన్నెవరు అడిగారు?"

"మొగుడు పెళ్ళాన్ని అడగాలేటి?"

"అడగాలి," అంది యమున. ఆ ఒక్క మాట ఆమె ఇంతకుముందు ఈ ఇంట్లో ఎన్నిసార్లు మింగిందో. "అడక్కుండా ఇంకొకరి సంతకం పెడితే దాన్ని ఏమంటారో మా మొదటేడాది పిల్లల్ని లేపి అడిగినా చెప్తారు. అన్నయ్యగారు కూడా ఆ పాఠం చెప్పే ఉంటారు. తెలియక చేశానని మా ఆయన అనొచ్చు. మీరు అనలేరు. మీరు దగ్గర కూర్చుని పెట్టించారు."

ధర్మేంద్ర మొహం మొదటిసారి ఎర్రబడింది. "మాటలు జాగ్రత్త. ఇది బయటికి పోతే నీ భర్త పేరే ముందు బయటపడుతుంది. నాదేముంది, సంతకాలున్న కాగితం అందింది, పంపాను."

జయకృష్ణ చటుక్కున తలెత్తి బావగారి కేసి చూశాడు.

అతని మీద యమునకి ఆ క్షణంలో జాలి కలిగింది. అప్పటికీ కోపం తగ్గలేదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని రాయడం మొదలుపెట్టింది. సంపాదకురాలికి ఇంగ్లీషులో రాస్తూ, అందరికీ తెలియాలని తెలుగులో పైకి చెప్పింది.

"అమ్మా, ఆ వ్యాసం నేనొక్కదాన్నే రాశాను. మీకు తప్ప ఎవరికీ పంపలేదు. రెండో పత్రికకి నాకు తెలియకుండా పంపారు. అందులో నాలుగో భాగం నేను తీయలేదు. అందులో మొదటి పేరు గలవారు ఒక్క వాక్యమూ రాయలేదు. హక్కుల కాగితం మీద ఉన్న సంతకం నాది కాదు. ఇదే ఉత్తరం రెండో పత్రికకి కూడా పంపుతున్నాను."

అక్కడ ఆగింది. తరువాత రాయాల్సింది అందరికీ తెలుసు. సంతకం నీది కాకపోతే మరి ఎవరిదని ఎవరైనా అడుగుతారు.

లేచి భర్త దగ్గరికి వెళ్ళి ఫోను అతని చేతిలో పెట్టింది.

"నేను చెబితే మీ మీద పితూరీ అవుతుంది. మీరు చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. రెంటికీ చాలా తేడా ఉంది. మీరే చెప్పండి. ఇంగ్లీషు నేను దిద్దుతాను. నా వ్యాసం నాకు తిరిగి వస్తే చాలు, మిమ్మల్ని ఎవరి ముందూ నిలబెట్టాలని నాకు లేదు."

జయకృష్ణ ఫోను పట్టుకున్నాడు. బొటనవేలు అక్షరాల మీదికి వెళ్ళింది కూడా. యమున ఆ వేలినే చూస్తోంది. ఒక్క వాక్యం రాస్తే, ఈ రెండు రోజులూ మరిచిపోవడానికి ఆమె సిద్ధంగానే ఉంది. నిజానికి అప్పుడే సగం మరిచిపోయింది.

అతను తల తిప్పి ధర్మేంద్ర కేసి చూశాడు.

"రాయమంటారా బావగారూ?" అని అడిగాడు.

యమున ఫోను వెనక్కి తీసుకుంది. ఇంకేమీ అనలేదు. నిలబడే రాసింది. భర్త పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా రాసింది. దాని పక్కన ధర్మేంద్ర పేరు రాసింది. రెండు పత్రికలకీ పంపింది.

బిందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుపందుకుంది. ధర్మేంద్ర చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగిపోయి, మళ్ళీ వాటికోసం పైకొచ్చాడు. రంగనాథం కిందకీ వెళ్ళలేదు, కూర్చోనూ లేదు.

"పంపీసావా?" అంది లక్ష్మీనరసమ్మ. నిన్నటి నుంచి ఆవిడ ఆడిన మొదటి మాట అదే.

"పంపేశానత్తా."

"నాలుగో భాగమూ ఉంటాదా అందులో?"

"వాళ్ళు వేస్తే ఉంటుంది."

అత్తగారు ఒళ్ళో పడిన ఈనెలు దులుపుకుని పీట మీంచి లేచింది. మొగుడి కేసి గాని, కొడుకు కేసి గాని చూడలేదు. తిన్నగా కోడలి గదిలోకి వెళ్ళి, అటక మీద నుంచి యమున సూట్‌కేసు దింపి, తెచ్చి హాల్లో అందరి మధ్యా పెట్టింది.

"అయితే ఇందులో నీ బట్టలు సర్దుకో," అంది.

యమున నిర్ఘాంతపోయి చూసింది. అత్తగారు తనని పొమ్మంటోందో, ఎక్కడికైనా తీసుకుపోతానంటోందో ఆ మొహంలో తెలియలేదు.

లక్ష్మీనరసమ్మ ఈసారి తన గదిలోకి వెళ్ళింది. అటక మీద నుంచి, పొందూరు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే తన పెట్టె దింపుతోంది.